చుక్క కోసం వెతికితే చాలదు

దివాలా తీసిన ఎన్‌రాన్ కంపెనీ మీద దర్యాప్తులో భాగంగా 2003లో అమెరికా ఇంధన నియంత్రణ సంస్థ సుమారు 150 మంది ఉద్యోగుల ఈమెయిళ్లను బహిరంగం చేసింది. భాషా పరిశోధకులకు అది పెన్నిధి. కానీ అక్రమాలతో ఏ సంబంధమూ లేనివారి సొంత విషయాలు కూడా అందులో ఉన్నాయి. వాళ్లు అడిగాక కొన్ని ఉత్తరాలు తీసేశారు, కానీ అప్పటికే వాటిని లోకం చూసేసింది. పెద్ద పాఠ్యాన్ని బయటపెట్టే ముందే మెయిల్ చిరునామాలు ఏరి తీసేయాలనడం అందుకే.

ఈ ఏరివేతకు వాడే పరికరం రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్, వాడుకలో రెజెక్స్. 1950లలో గణితవేత్త స్టీఫెన్ క్లీనీ ఆలోచించిన ఈ పద్ధతిని 1968లో కెన్ థాంప్సన్ పాఠ్యంలో వెతకడానికి మలిచారు. కంప్యూటర్‌కు మనం చెప్పేది ఫలానా చిరునామా కాదు, చిరునామా రూపం: కొన్ని అక్షరాలో అంకెలో, తర్వాత @ గుర్తు, మళ్లీ అక్షరాలు, ఒక చుక్క, చివర మరికొన్ని అక్షరాలు. ఈ ఒక్క సూత్రం లక్షల పేజీలను నిమిషాల్లో జల్లెడ పడుతుంది. అయితే దానికి తెలిసింది రూపమే. చిరునామాలో ప్లస్ గుర్తు, అపాస్ట్రఫీ కూడా ఉండవచ్చని నిబంధనలు ఒప్పుకుంటాయి. అపాస్ట్రఫీని మరిచిన సూత్రం దాని తర్వాతి భాగాన్నే చెరిపి, ముందున్న పేరు ముక్కను వదిలేస్తుంది. 2012 నుంచి ప్రమాణాలు తెలుగు లిపి చిరునామాలనూ అనుమతిస్తున్నాయి. పైథాన్ భాషలో అక్షరాలను పట్టే మామూలు గుర్తు మన గుణింతపు గుర్తులను అక్షరాలుగా లెక్కించదు. 'రవి' అనే పేరు తర్వాత @ వస్తే, మధ్యలో 'వి' మీది గుడి అడ్డుపడి చిరునామా మొత్తం తప్పించుకుంటుంది. మన దేశంలో ఇంకో చిక్కు యూపీఐ ఐడీ. అందులో @ ఉంటుంది, చివర చుక్క ఉండదు. చాలాసార్లు ముందున్నది ఏకంగా మొబైల్ నంబరే.

సూత్రాన్ని వదులు చేస్తే చిరునామా కానివి కూడా పోతాయి, పాఠ్యం పాడవుతుంది అంటారు. నిజమే. కానీ ఈ రెండు తప్పులూ సమానం కావు. అనవసరంగా పోయిన మాటను మూలప్రతి చూసి తిరిగి చేర్చుకోవచ్చు, బయటపడిన చిరునామాను వెనక్కి తీసుకోలేం. అందుకే గోప్యత కోసమైతే వదులు సూత్రమే మేలు. తీసేసిన చోట ఖాళీ వదలకుండా 'మెయిల్' అని గుర్తు పెడితే వాక్యమూ నిలుస్తుంది. కృత్రిమ మేధ ఈ పని ఇంకా బాగా చేయదా అన్న ప్రశ్నా న్యాయమైనదే. పేర్లు, ఊళ్లు పట్టడానికి అదే కావాలి. అయినా ఏది ఎందుకు తీసేశామో సూత్రం చూపి చెప్పగలగడం, ఎన్నిసార్లు నడిపినా ఒకే ఫలితం రావడం రెజెక్స్‌కున్న బలం. ముందు దీన్ని నడిపి, ఆ తర్వాత మిగిలిన @ గుర్తులన్నింటినీ ఒక మనిషి కళ్లతో చూడాలి. ఇంత చేసినా, సంతకంలోని పేరు, హోదా, ఊరు అలాగే ఉంటే ఆ పాఠ్యాన్ని 'అనామకం' అని ప్రకటించే హక్కు ఎవరికీ లేదు.