జాన్ బోన్‌హామ్ లయవిన్యాసం

రాక్ సంగీతంలో డ్రమ్స్ వాయించేవాడి పని పాట వేగాన్ని నిలిపి ఉంచడమేనని, అందులో ప్రతిభ అంటే పెద్ద చప్పుడు చేయడమో చేతులు వేగంగా ఆడించడమో అని సామాన్య శ్రోతలలో ఒక అభిప్రాయం చాలాకాలంగా పాతుకుపోయి ఉంది. ఇంగ్లండుకు చెందిన లెడ్ జెప్లిన్ బృందంలో 1968 నుంచి 1980 దాకా డ్రమ్స్ వాయించిన జాన్ హెన్రీ బోన్‌హామ్ పేరు చెప్పినా చాలామందికి ముందుగా గుర్తుకు వచ్చేది ఆయన దెబ్బలోని బలమే. ఆ బలం నిజమే గాని, తరువాతి తరాల వాదకులు ఆయనను గురుస్థానంలో నిలుపుకోవడానికి అసలు కారణం ఒక దెబ్బ ఎక్కడ పడాలో, ఎంతసేపు మోగాలో, ఎక్కడ పడకుండా ఉండాలో తెలిసిన లయజ్ఞానం, పక్కనున్న వాద్యం ఏమి పలుకుతున్నదో ప్రతిక్షణం పట్టుకోగలిగిన చెవి.

డ్రమ్ సెట్ అంటే ఒకే మనిషి రెండు చేతులతో, రెండు కాళ్లతో ఏకకాలంలో వాయించే వాద్యాల కూటమి. కుడికాలి కింది పెడల్‌తో మోగించే పెద్ద బేస్ డ్రమ్, అడుగున బిగించిన సన్నని లోహపు తీగల వల్ల చురుక్కున పలికే స్నేర్ డ్రమ్, గంభీరంగా పలికే రెండు మూడు టామ్‌లు, ఎడమకాలి పెడల్‌తో మూసుకుంటూ తెరుచుకుంటూ ఉండే కంచు తాళాల జత అయిన హై-హ్యాట్, స్టాండులకు బిగించిన సింబల్స్ అనే పెద్ద కంచు పళ్లేలు ఇందులోని ముఖ్యమైన భాగాలు. సాధారణమైన రాక్ పాటలో నాలుగు లెక్కల ఆవర్తం ఉంటుంది. ఒకటి, మూడు లెక్కల మీద బేస్ డ్రమ్, రెండు, నాలుగు లెక్కల మీద స్నేర్ పడతాయి, ఈ స్నేర్ దెబ్బనే బ్యాక్‌బీట్ అంటారు. ఈ కొద్దిపాటి చట్రంలోనే ఒక వాదకుడి చేతికీ మరొకరి చేతికీ తేడా తెలుస్తుంది, ఎందుకంటే లెక్క మీద దెబ్బ వేయడం అందరికీ వచ్చినదే అయినా, ఆ లెక్కకు వెంట్రుకవాసి ముందు వేస్తే పాట పరుగెత్తుతున్నట్టు, వెంట్రుకవాసి వెనుక వేస్తే బరువుగా నడుస్తున్నట్టు చెవికి తోస్తుంది.

బోన్‌హామ్ 1948 మే 31న వూస్టర్‌షైర్‌లోని రెడిచ్ పట్టణంలో జన్మించారు. చిన్నతనంలో డబ్బాల మీద, గిన్నెల మీద వాయించడం మొదలుపెట్టిన ఆ పిల్లవాడికి పదో ఏట తల్లి ఒక స్నేర్ డ్రమ్, పదిహేనో ఏట తండ్రి పూర్తి డ్రమ్ సెట్ కొనిచ్చారు. గురువు దగ్గర క్రమంగా నేర్చుకున్నది లేదు. చదువు ఆపిన తరువాత తండ్రితో కలిసి వడ్రంగం పని చేస్తూనే స్థానిక బృందాలతో వాయించారు. అమెరికన్ జాజ్ వాదకులైన జీన్ క్రూపా, బడ్డీ రిచ్, మ్యాక్స్ రోచ్‌లు ఆయనకు ఆదర్శం. ఈ సంగతి గుర్తుంచుకోదగినది, ఎందుకంటే జాజ్‌లో లెక్కకూ లెక్కకూ మధ్య కాలాన్ని సరిసమానంగా పంచకుండా ఊగులాడే నడకతో వాయించే పద్ధతి ఉంది, దానిని స్వింగ్ అంటారు; బోన్‌హామ్ ఎంత గట్టిగా వాయించినా ఆ ఊగు ఆయన చేతిని విడిచిపెట్టలేదు, ఆయనను అనుకరించిన చాలామందికి బలం అబ్బి ఈ ఊగు అబ్బలేదు.

1969 జనవరిలో వచ్చిన లెడ్ జెప్లిన్ మొదటి ఆల్బమ్‌లోని తొలి పాట ‘గుడ్ టైమ్స్ బ్యాడ్ టైమ్స్’ వాదకుల లోకంలో పెద్ద చర్చను లేపింది. కాలాన్ని మూడు సమభాగాలుగా పంచడాన్ని కర్ణాటక సంగీతంలో తిశ్ర గతి అంటారు, పాశ్చాత్యులు ట్రిప్లెట్ అంటారు. ఈ పాటలో బోన్‌హామ్ అరలెక్కను మూడుగా పంచి, మొదటి భాగాన్ని చేతికి వదిలి, మిగిలిన రెండు భాగాలను కుడికాలితో బేస్ డ్రమ్ మీద పలికించారు. ఆ వేగం విని రెండు బేస్ డ్రమ్‌లు రెండు కాళ్లతో వాయించి ఉంటారని అనేకులు భావించారు, కాని అక్కడ ఉన్నది ఒకే డ్రమ్, ఒకే పెడల్. ఆ కాలి నైపుణ్యాన్ని మెచ్చుకోవడం సులభమే. అంతకంటె మెచ్చదగినది, ఆ అలంకారాన్ని పాటంతటా పరచకుండా బేస్ గిటార్ వాద్యకారుడు జాన్ పాల్ జోన్స్ స్వరాలకు ఊపిరి దొరికే చోట మాత్రమే చల్లిన వివేకం.

ఆయన వాద్యం గురించి కూడా కొంత చెప్పుకోవాలి. ఆయన వాడినవి లుడ్‌విగ్ సంస్థ తయారుచేసిన డ్రమ్స్. బేస్ డ్రమ్ వ్యాసం 26 అంగుళాలు, అంటే సాధారణంగా రాక్ బృందాలు వాడే 22 అంగుళాల డ్రమ్ కంటె చాలా పెద్దది. 1970ల స్టూడియోలలో డ్రమ్స్ లోపల దిండ్లు, గుడ్డలు పెట్టి మోతను చంపి, ఒక్కొక్క డ్రమ్‌కు దగ్గరగా మైకు పెట్టి ధ్వనిని పట్టుకునే పద్ధతి బాగా వ్యాపించింది. బోన్‌హామ్ దీనికి ఎదురు నడిచారు. ఆయన మూతలను బిగువుగా శ్రుతి చేసి, ధ్వనిని అణచకుండా విడిచిపెట్టేవారు, అందువల్ల ఆయన దెబ్బ ‘టప్’మని అక్కడికక్కడే ఆగిపోకుండా ఒక స్వరంలాగా కొంతసేపు నిలిచి మోగుతుంది. మృదంగం వాయించేవారు వాద్యాన్ని శ్రుతి చేసుకోవడం తెలిసిన శ్రోతలకు ఇది వింతగా తోచదు గాని, రాక్ వాదకులలో చాలామంది డ్రమ్‌కు స్వరం ఉంటుందన్న మాటనే పట్టించుకోని కాలమది.

ఈ నాదదృష్టికి శిఖరం 1971 నవంబరులో వచ్చిన నాలుగో ఆల్బమ్‌లోని చివరి పాట, ‘వెన్ ద లెవీ బ్రేక్స్’. 1927లో అమెరికాలో మిసిసిపీ నదికి వచ్చిన మహావరద మీద కాన్సస్ జో మెకాయ్, మెంఫిస్ మిన్నీ దంపతులు 1929లో రికార్డు చేసిన బ్లూస్ పాట దీనికి మూలం. లెడ్ జెప్లిన్ తన పాటను హాంప్‌షైర్‌లోని హెడ్లీ గ్రేంజ్ అనే భవనంలో రికార్డు చేసింది. 1795లో పేదల వసతి కోసం కట్టిన ఆ పాత భవనంలో ముందు హాలు నుంచి పై అంతస్తులకు ఎత్తైన మెట్లు ఉన్నాయి. డ్రమ్స్‌ను ఆ మెట్ల అడుగున హాలులో పెట్టి, ఇంజనీరు ఆండీ జాన్స్ రెండు మైకులను మాత్రం మెట్ల పైభాగం నుంచి కిందికి వేలాడదీశారు. దగ్గర మైకు ఒక్కటీ లేకపోవడం వల్ల రికార్డులోకి ఎక్కినది కర్ర తోలుకు తగిలిన శబ్దం ఒక్కటే కాదు, ఆ గోడలకూ మెట్లకూ కొట్టుకుని తిరిగివచ్చిన గాలి మోత కూడా. దానికి తోడు ఎకో యంత్రం ప్రతి దెబ్బకూ ఒక నీడను జతచేసింది. పాట నెమ్మదిగా, దాదాపు విలంబకాలంలో నడుస్తుంది. అంత నెమ్మదైన నడకలో దెబ్బకూ దెబ్బకూ మధ్య ఖాళీ ఎక్కువ, సామాన్య వాదకుడికి దాన్ని ఏదో ఒక చప్పుడుతో నింపాలనిపిస్తుంది. బోన్‌హామ్ నింపలేదు. మెట్ల మోత అణగడానికి ఎంతసేపు పడుతుందో అంతసేపూ ఆగి, ఆ అణగడాన్నే తన నడకలో భాగం చేసుకున్నారు. పాట ఆరంభంలో ఒంటరిగా వినిపించే ఆ కొన్ని సెకన్ల డ్రమ్స్‌ను తరువాతి కాలపు హిప్-హాప్ కళాకారులు కోసుకుని తమ పాటలలో వాడుకున్నారు. 1986లో బీస్టీ బాయ్స్ తమ తొలి ఆల్బమ్‌ను ఆ మోతతోనే మొదలుపెట్టారు.

పక్కవాద్యాన్ని వినే గుణానికి మంచి ఉదాహరణ 1975 ఫిబ్రవరిలో విడుదలైన ‘ఫిజికల్ గ్రాఫిటీ’ ఆల్బమ్‌లోని ‘కశ్మీర్’. పేరు కశ్మీర్ అయినా దాని సాహిత్యానికి ప్రేరణ దక్షిణ మొరాకోలోని ఎడారి దారి. సంగీతపు తొలి రూపాన్ని గిటారిస్టు జిమ్మీ పేజ్, బోన్‌హామ్ ఇద్దరే కలిసి తీర్చిదిద్దారు, రచయితల పేర్లలో బోన్‌హామ్ పేరు కూడా ఉంది. ఇందులో గిటార్ పదే పదే పలికే చిన్న స్వరగుచ్ఛం, అంటే రిఫ్, మూడు లెక్కలకు ఒకసారి తిరిగి మొదలవుతుంది. డ్రమ్స్ మాత్రం నాలుగు లెక్కల ఆవర్తాన్ని విడవకుండా నడుస్తాయి. అందువల్ల రెండూ ఒకే చోట బయలుదేరినా వెంటనే విడిపోయి, గిటార్‌కు నాలుగు చుట్లు, డ్రమ్స్‌కు మూడు ఆవర్తాలు పూర్తయిన తరువాత, పన్నెండు లెక్కలకు మళ్లీ కలుస్తాయి. తాళం వేస్తూ కచేరీ వినే తెలుగు శ్రోతకు ఈ లెక్క కొత్తది కాదు. పల్లవిలోనూ ముక్తాయింపులలోనూ ఇటువంటి విడిపోయి కలిసే ఆనందం అలవాటైనదే. ఇక్కడ బోన్‌హామ్ చేసినదాని గొప్పతనం ఆయన చేయనిదానిలో ఉంది: గిటార్ వెంట మూడులోకి జారిపోకుండా, నాలుగును చాటడానికి ఆర్భాటం చేయకుండా, బేస్ డ్రమ్, స్నేర్ రెండింటితో సాదా నడకను ఎనిమిదిన్నర నిమిషాల పాటు నిలబెట్టారు. ఆ నిలకడే లేకపోతే గిటార్ విడిపోతున్నదని శ్రోతకు తెలిసే అవకాశమే లేదు.

మోతకే పేరు మోసిన ఈ వాదకుడి సున్నితత్వం తెలుసుకోవాలంటే 1979 నాటి ‘ఫూల్ ఇన్ ద రెయిన్’ వినాలి. లెక్కను మూడుగా పంచి మధ్యభాగాన్ని మౌనంగా వదిలే ఊగు నడకను షఫుల్ అంటారు. బ్యాక్‌బీట్‌ను ఆవర్తంలో రెండుసార్లకు బదులు ఒక్కసారే వేస్తే పాట సగం వేగంతో నడుస్తున్నట్టు అనిపిస్తుంది, అప్పుడది హాఫ్‌టైమ్ షఫుల్ అవుతుంది. అమెరికన్ వాదకుడు బెర్నార్డ్ పర్డీ ఈ నడకకు ప్రసిద్ధి తెచ్చారు. బోన్‌హామ్ దానిని తీసుకుని, ప్రధానమైన స్నేర్ దెబ్బల నడుమ చెవికి ఆనీ ఆననంత మెత్తని దెబ్బలను ఇమిడ్చారు. వీటిని ఘోస్ట్ నోట్స్ అంటారు, విడిగా వినిపించకపోయినా వీటిని తీసేస్తే నడక బోసిపోతుంది. ప్రతి ఆవర్తంలోనూ హై-హ్యాట్ ఒక్క క్షణం తెరుచుకుని ‘చిస్’మని మూసుకోవడం కూడా గమనించదగినది. 1982లో వచ్చిన టోటో బృందం పాట ‘రొజానా’లో జెఫ్ పొర్కారో వాయించిన ప్రసిద్ధమైన నడకకు పర్డీ, బోన్‌హామ్‌ల నడకలు రెండూ ఆధారమని పొర్కారో స్వయంగా వివరించారు.

కచేరీలలో ఆయన పేరు మోగించినది మాత్రం ‘మొబీ డిక్’, తని ఆవర్తనం వంటి ఒంటరి వాదన. 1969 నాటి రికార్డులో నాలుగు నిమిషాలు దాటి కొద్దిసేపే ఉన్న ఈ ఖండాన్ని వేదిక మీద ఇరవై నిమిషాలకు మించి సాగదీసిన సందర్భాలున్నాయి. కొన్నిచోట్ల కర్రలు పక్కన పెట్టి వట్టి అరచేతులతో, వేళ్లతో టామ్‌లను, స్నేర్‌ను వాయించిన భాగంలో ఆయన నాదజ్ఞానం స్పష్టంగా తెలుస్తుంది. అయినా నిష్పక్షపాతంగా చెప్పాలంటే, ఇరవై నిమిషాల ఒంటరి వాదనలో కంటె మూడు నిమిషాల పాటలో ఇతరుల నడుమ ఒదిగి వాయించినప్పుడే బోన్‌హామ్ ఎక్కువ గొప్పగా వినిపిస్తారు.

మద్యపానం ఆయనను బలిగొన్నది. 1980 సెప్టెంబరు 25న, ముప్పైరెండేళ్ల వయసులో, విపరీతంగా తాగిన మరునాడు నిద్రలోనే మరణించారు. ఆయన స్థానంలో మరొకరిని పెట్టుకుని కొనసాగే అవకాశం ఉన్నా, అదే ఏడాది డిసెంబరు 4న మిగిలిన ముగ్గురూ లెడ్ జెప్లిన్ ఇక కొనసాగదని ప్రకటించారు. వాదకుడి విలువకు సహవాద్యకారులు ఇచ్చిన ఇంతకంటె పెద్ద సాక్ష్యం రాక్ చరిత్రలో అరుదు. 2007 డిసెంబరు 10న లండన్ ఓ2 అరీనాలో వారు ఒక్క కచేరీ కోసం తిరిగి కలిసినప్పుడు డ్రమ్స్ దగ్గర కూర్చున్నది బోన్‌హామ్ కుమారుడు జేసన్. 2018 మే 31న, ఆయన డెబ్బయ్యో జన్మదినాన, రెడిచ్ పట్టణంలో ఆయన కంచు విగ్రహాన్ని ఆవిష్కరించారు.

రాక్ సంగీతం అలవాటు లేని పాఠకులు ‘కశ్మీర్’తో మొదలుపెట్టడం మంచిది. ఫోను స్పీకరులో బేస్ డ్రమ్ సగం కూడా వినిపించదు కనుక హెడ్‌ఫోన్లు పెట్టుకుని, తొడ మీద నాలుగు లెక్కల తాళం వేస్తూ, గిటార్ మూడేసి లెక్కలకు తిరగడాన్ని వేళ్ల మీద లెక్కించాలి. రెండు మూడు సార్లు తప్పినా, పన్నెండో లెక్క తరువాత రెండూ కలిసే చోటు ఒకసారి చెవికి దొరికితే, బోన్‌హామ్ ఎందుకంత సాదాగా వాయించారో ఎవరూ చెప్పనక్కరలేకుండా అర్థమవుతుంది.