ఎక్స్‌పెడైటెడ్ రిమూవల్: మరలింపఁబడినవారికి దాంపత్య వీసా

అమెరికా విమానాశ్రయమున దిగిన విదేశీయుని యొద్ద తగిన పత్రములు లేవనియో, అతఁడు అసత్యము పలికెననియో నిశ్చయించిన ఇమిగ్రేషన్ అధికారి, న్యాయమూర్తి యెదుట విచారణ లేకయే అతనిని వెనుకకుఁ బంపుటకు 1996 నాటి చట్టము కల్పించిన అధికారమే ఎక్స్‌పెడైటెడ్ రిమూవల్. ఇట్లు మరలింపఁబడినవారు సామాన్యముగా 5 సంవత్సరములు ఆ దేశమున అడుగిడరాదు. ఒక్క అధికారి వ్రాసిన నిర్ణయము దంపతులను ఏండ్లతరబడి వేఱుచేయుట మిక్కిలి కఠినమని నా యభిప్రాయము.

అమెరికా పౌరుని పెండ్లాడిన తెలుగు యువతికి ఈ యవస్థ తటస్థించినను, భర్త ఆమె కొఱకు ఐ-130 అర్జీ పెట్టుటకు అడ్డు లేదు. కాని ముంబై కాన్సులేటులో వీసా చేతికి వచ్చుటకు, నిషేధపు గడువు తీరకమున్ను, ఐ-212 పత్రముతో పునఃప్రవేశానుమతిని వేఱుగా అర్థింపవలయును. అసత్యదోషము కూడ నమోదైనచో నిషేధము యావజ్జీవము. అప్పుడు ఎడబాటు వలన భర్తకుఁ గలుగు తీవ్రకష్టమును సాక్ష్యములతో నిరూపించి ఐ-601 మినహాయింపును బడయవలెను.

అధికారి యనుమతితో ప్రవేశాభ్యర్థనను తామే ఉపసంహరించుకొని మరలినవారికి మాత్రము, చేతనున్న వీసా సాధారణముగా రద్దగునే కాని, ఆ 5 ఏండ్ల నిషేధము వర్తింపదు. కావున సంతకము చేసిన కాగితముల ప్రతులను భద్రపఱచుకొనవలెను. తరువాతి దరఖాస్తులో ఆ వృత్తాంతమును దాఁచినచో, మునుపు లేని అసత్యదోషము క్రొత్తగా వచ్చి చేరును.