సీసా వెనక వైపు చదవండి

విదేశీ కూల్‌డ్రింకులు మానేసి మనవి తాగుదామన్న పిలుపు కొన్నేళ్లకోసారి వినబడుతూనే ఉంటుంది. ఉద్దేశం మంచిదే. కానీ బెజవాడలో దుకాణం ముందు నిలబడితే ఏది మనదో, ఏది కాదో తేల్చడం కష్టం. ఆంధ్రులు సొంతం చేసుకున్న థమ్సప్‌ను 1977లో, కోకా-కోలా దేశం వదిలి వెళ్లిన ఏడాదే, పార్లే సంస్థ తెచ్చింది. 1993లో కోకా-కోలా తిరిగి వచ్చి లిమ్కా, గోల్డ్‌స్పాట్‌లతో పాటు దాన్నీ కొనేసింది. ఆ కంపెనీ పేరు అమెరికాది. సీసాలు నింపే కర్మాగారం మాత్రం కృష్ణ అవతలి ఒడ్డున, మంగళగిరి దగ్గరి ఆత్మకూరులో ఉంది. అందుకే కంపెనీ పుట్టిన ఊరు అడగడం కంటే సీసాలో ఏముందో, తాగాక ఆ సీసా ఏమవుతుందో అడగడం మేలు.

ముందు చక్కెర సంగతి. మామూలు కోలాలో 100 మిల్లీలీటర్లకు సుమారు 10 గ్రాముల చక్కెర ఉంటుంది. పావు లీటరు తాగితే పాతిక గ్రాములు. పెద్దవాళ్లు రోజు మొత్తంలో అంతకు మించకపోతే మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది.

అయినా కోలా తియ్యగా ఉంటుందని అందరికీ తెలుసు. ఓఆర్‌ఎస్ పేరు తగిలించుకుని మందుల షాపుల్లో అమ్ముడైన తియ్యటి పానీయాల సంగతే చాలామంది తల్లిదండ్రులకు తెలియదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం లీటరు ఓఆర్‌ఎస్‌లో గ్లూకోజు 13.5 గ్రాములు మాత్రమే. ఆ డబ్బాల్లో చక్కెర దానికి ఎన్నో రెట్లు. విరేచనాలతో నీరసించిన పిల్లలకు అంత చక్కెర పడితే విరేచనాలు ఇంకా పెరుగుతాయి. హైదరాబాద్‌లో పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ దీనిమీద ఎనిమిదేళ్లు పోరాడారు. ఇది అసలు సూత్రం కాదని డబ్బా మీద ఒక హెచ్చరిక రాస్తే చాలని 2022లో ఆహార భద్రత సంస్థ వెసులుబాటు ఇచ్చింది. 2025 అక్టోబరులో దాన్ని ఎత్తేసి, సూత్రం పాటించని పానీయం పేరులో ఓఆర్‌ఎస్ అన్న మాటే ఉండకూడదని ఆదేశించింది. ఆ పోరాటమంతా డబ్బా మీది మాట నిజమా, కాదా అన్నదాని గురించే. కొనేవాళ్లుగా మనం నేర్చుకోవలసింది అక్కడే ఉంది.

మామిడి బొమ్మ ఉన్న సీసాకూ అదే పరీక్ష. పండ్ల పానీయంలో పదో వంతు పండు ఉంటే చట్టానికి సరిపోతుంది. ఎంత గుజ్జు వేశారో వెనక శాతంలో రాసి ఉంటుంది. నూజివీడు, నున్న తోటల పక్కన బతుకుతూ మనమే ఆ అంకె చూడకపోతే ఇంకెవరు చూస్తారు? 2025లో చిత్తూరు వైపు తోతాపురి ధర పడిపోతే, ఫ్యాక్టరీలు కిలోకు 8 రూపాయలివ్వాలని, తాను 4 కలుపుతానని ప్రభుత్వం చెప్పాల్సి వచ్చింది. గుజ్జు ఎక్కువున్న సీసాకు గిరాకీ పెరిగితే ఆ రైతుకు కాస్తయినా ఊతం.

ఇక ఖాళీ సీసా. బందరు, ఏలూరు, రైవస్ కాలువలు బెజవాడ నడిమధ్య నుంచే పోతాయి. వాటిలో పడ్డ ప్లాస్టిక్ దిగువన తూములకు అడ్డం పడుతుంది, లేదా సముద్రం చేరుతుంది. గోలీసోడా సీసా దుకాణానికే తిరిగి వెళ్లి, కడిగాక మళ్లీ నిండుతుంది. గాజు సీసా దొరికేచోట దాన్నే అడిగి తీసుకోవడం మన చేతిలో పని.

ఒక్కరు మానితే ఏమవుతుందని అడిగేవాళ్లకు నేను పెళ్లిళ్లు చూపిస్తాను. డెల్టాలో పెళ్లంటే వందల మంది. ఏం తాగించాలో ఇంటి పెద్దలూ, క్యాటరింగ్ వాళ్లూ ఒక్కసారి కూర్చుని తేల్చేస్తారు. అక్కడ చెప్పే ఒక్క మాటతో వందల సీసాలు తగ్గుతాయి. మజ్జిగ, నిమ్మకాయ షర్బత్ పెద్ద గిన్నెల్లో కలిపి స్టీలు గ్లాసుల్లో ఇవ్వొచ్చు. పెరుగు కృష్ణా మిల్క్ యూనియన్‌లో తీసుకుంటే ఆ డబ్బు పాలుపోసే రైతుల సొంత సహకార సంఘానికి చేరుతుంది. గ్లాసులు కడిగేవాళ్లకు పని పెరుగుతుంది కాబట్టి, కొనకుండా మిగిలిన సీసాల డబ్బులోంచి వాళ్ల కూలి పెంచాలి. కోలా తప్పదనుకుంటే గాజు సీసాలే తెప్పించి, ఖాళీ క్రేట్లు మర్నాడు డీలరుకు అప్పజెప్పే పని ఎవరిదో బయానా ఇచ్చేటప్పుడే మాట్లాడుకోవాలి.