కందులు విసిరే రాయి



వ్యవసాయశాఖ మనిషి వచ్చాడు గనుక ఎరువుల సంగతో, తెగుళ్ళ సంగతో చెబుతాడని మీరు అనుకొని వుంటారు. ఈ పూట మనం పొలంలోకి పోవడం లేదు. మీ వంటింటి మూలనో, గొడ్లకొట్టం పక్కనో దుమ్ముపట్టి పడివున్న ఒక రాతిని గురించి మాట్లాడుకుందాం. కృష్ణా, గుంటూరు వైపు దాన్ని తిరగలి అంటారు. మా తాండూరు వైపు ఇసుర్రాయి అంటాం. రెండు గుండ్రని రాళ్ళు, నడుమ ఒక మేకు, అంచున ఒక కర్రపిడి. ఇందులో చెప్పుకోవడానికి ఏముందయ్యా అని అడుగుతారేమో. వుంది. మీ యింటి కందిపప్పు లెక్క దానిలోనే వుంది.

కందులు క్వింటాళ్ళ లెక్కన అమ్మి, అదే ఊళ్ళో కిరాణా కొట్టుకు పోయి పప్పు కిలోల లెక్కన కొనుక్కొచ్చే రైతుల్ని నేను ప్రతి యేడూ చూస్తున్నాను. తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఆ కంది పండించే యింట్లోనే ఎక్కడి పప్పో ఉడుకుతున్నది. ఎందుకమ్మా అంటే, "ఇసుర్రాయిల పోస్తే సగం పిండే అయితది సారూ" అంటారు. ఈ మాటలో నిజం కొంత, రాతి మీద వేసిన నింద కొంత.

ముందు ఆ రాయిని ఎట్లా చేశారో చూడండి. రోట్లో రోకలితో దంచేటప్పుడు మన బలంలో చాలా భాగం రోకలిని పైకెత్తడానికే పోతుంది. గింజకు తగిలేది దిగేటప్పటి దెబ్బ ఒక్కటే. తిరగలిలో ఎత్తడం అనేదే లేదు. పైరాయి బరువు అదే గింజ మీద ఆనివుంటుంది. మనం చేసేది తిప్పడం మాత్రమే. ఒకసారి కదిలిన రాయి దాని బరువుతోనే కొంత తిరుగుతుంది. పిడి నడుమ లేకుండా అంచుకు ఎందుకు పెట్టారు? ఇరుసుకు ఎంత దూరాన పట్టుకుంటే తిప్పడం అంత తేలిక. బావి గిలక దగ్గరా, బండి చక్రం దగ్గరా మీకు తెలిసిన సంగతే. ఇద్దరు ఆడవాళ్ళు ఎదురెదురుగా కూర్చుని ఒకే పిడి పట్టుకుంటే, ఒకామె తోసే వేళ రెండో ఆమె లాగుతుంది. చెరి సగం చుట్టు. తిరగటి పాటలు అంత నిదానమైన నడకతో పుట్టాయంటే కారణం ఈ సగం చుట్టే అని నా అభిప్రాయం. సాహిత్యం తెలిసినవారు కాదంటే నేను వాదించను.

ఇక లోపలి తీరు. రెండు రాళ్ళూ విడదీసి బోర్లించి చూస్తే, మంచి తిరగలి మొగాలు బల్లపరుపుగా వుండవు. పైరాతి నడుమ, గింజ పోసే నోటి చుట్టూ, కొంచెం లోతుగా తీసి వుంటుంది. అంచుకు వచ్చేకొద్దీ రెండు రాళ్ళూ దగ్గర అవుతాయి. గింజ నోట్లో పడినప్పుడు దానికి చోటు వుండాలి, లేకపోతే లోపలికే పోదు. వెనుక పడిన గింజలు ముందువాటిని తోస్తుంటే, అది బయటికి జరుగుతూ జరుగుతూ సందు ఇరుకైనచోట నలుగుతుంది. చేత్తో తిప్పే వేగానికి గింజ ఎగిరి బయటపడదు, తోపుడుతోనే కదులుతుంది. అందుకనే పిడికెడు పిడికెడుగా ఎంత వేస్తున్నామన్నది ముఖ్యం. ఎక్కువ వేస్తే గింజలే పైరాయిని కొంచెం ఎత్తి పట్టుకుంటాయి. బద్ద లావుగా, కొన్ని గింజలు పగలకుండానే వస్తాయి. తక్కువ వేస్తే రాయి రాతికి దగ్గరై పిండి అవుతుంది. పిండికి కొంచెం కొంచెంగా, పప్పుకు నిండుగా వేయాలని మన పెద్దవాళ్ళు చెప్పింది ఇందుకే.

రాయి రకం కూడా చూసుకోవాలి. మా దిక్కున నాపరాయి కావలసినంత దొరుకుతుంది, చవక. నేలకు పరచుకోవడానికి అంతకు మించింది లేదు. కాని తిరగలికి పనికిరాదు. అది సున్నపురాయి జాతి, మెత్తన. తొందరగా అరిగి, ఆ పొడి పప్పులో కలుస్తుంది. నల్లరాయి గట్టిది, కొట్టిన గాట్లు చాలాకాలం నిలుస్తాయి.

ఇప్పుడు నేను చేసిన తప్పు ఒకటి చెబుతాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక ఊళ్ళో, ఇంట్లోనే పప్పు చేసుకునే పద్ధతి చూపిస్తానని ఆడవాళ్ళను పోగుచేశాను. రాయి అరిగి నున్నగా వుందని, మనిషిని పిలిపించి లోతుగా కక్కు కొట్టించాను. ఎంత గరుకైతే పొట్టు అంత బాగా పోతుందని నా లెక్క. డిప్లొమా చదివేటప్పుడు మరల బొమ్మలు గీశానే గాని రాయి ముందు కూర్చున్నది లేదు. అయిదు కిలోల కందులు విసిరించాను. చెరిగి తూస్తే పప్పు మూడు కిలోలకు నూరు గ్రాములు తక్కువ వచ్చింది. మిగిలిందంతా పొట్టు, నూక, పిండి. బద్దల అంచులన్నీ ఎలుక కొరికినట్టున్నాయి. అందరి వెనక కూర్చున్న ఒక అవ్వ లేచి, "బిడ్డా, రాయికి పండ్లు మొలిపిస్తివి గాని కందికి నీళ్ళు చూపిస్తివా?" అన్నది. నాకు అప్పుడు అర్థం కాలేదు. అందరూ నవ్వితే నేనూ నవ్వాను.

అవ్వ చెప్పినదే అసలు సంగతి. శనగకు పొట్టు వదులు. కొంచెం తడి చూపి ఎండబెడితే ఊడుతుంది. కంది, మినుము, పెసర అట్లా కాదు. కందిలో పొట్టుకూ బద్దకూ నడుమ ఒక జిగురు పొర వుంటుంది. తిరగలి చేసే పని నొక్కి, రాసి, గింజను రెండుగా చీల్చడం. చీల్చడంలో దానికి సాటిలేదు. కాని అతుక్కున్న పొట్టును ఒలవడం దానికి చేతకాదు. జిగురు వదలకుండా పోస్తే గింజ ముందే చీలుతుంది. తరువాత ఆ బద్దల మీది పొట్టు పోవాలని మళ్ళీ మళ్ళీ వేస్తాం. వేసినకొద్దీ బద్ద అంచులు విరిగి పిండిలో కలుస్తాయి. బద్ద పైపొరలోనే మాంసకృత్తులు, సున్నం, ఇనుము ఎక్కువ. మనం గొడ్ల కుడితిలో పోసే చున్నీలో అవే పోతున్నాయి. గొడ్లకు మేలే, కాదనను. కాని పిల్లలకు పోవలసిన బలం అది.

గనుక ఒలిచే పనిని నీళ్ళకూ ఎండకూ అప్పజెప్పి, చీల్చే పని ఒక్కటే రాతికి వదిలిపెట్టాలి. అవ్వ చేసి చూపించిన తీరు ఇది. కందులు ఒక పూట నానబెట్టి నీళ్ళు వంపేసింది. జల్లించిన ఎర్రమట్టి తడిపి గింజలకు పట్టించి, రాత్రంతా కుప్పగా వుంచింది. తెల్లవారి పలుచగా పరిచి మూడు రోజులు బాగా ఎండనిచ్చింది. నానిన బద్ద ఉబ్బుతుంది, ఎండితే ముడుచుకుంటుంది. జిగురు సడలిన పొట్టు దానితో ముడుచుకోలేక విడిపోతుంది. ఎర్రమట్టి తడిని పీలుస్తుంది, గింజకు గరుకునిస్తుంది. తరువాత మట్టిని జల్లెడతో పోగొట్టి, కక్కు కొంచెం అరిగిన మరో యింటి రాయిలో నిండుగా వేస్తూ విసిరింది. అయిదు కిలోలకు మూడున్నర కిలోల పప్పు తూగింది. నాకన్న ఆరువందల గ్రాములు ఎక్కువ. క్వింటాలుకు లెక్కవేస్తే పన్నెండు కిలోలు. ఆ పన్నెండు కిలోలు ఒక యింటికి ఎన్నాళ్ళు వస్తాయో మీరే చెప్పాలి.

కంది గింజలో పొట్టు నూటికి పదిహేను పాళ్ళు. అంటే లెక్క ప్రకారం 85 కిలోల దాకా పప్పు రావాలి. పెద్ద మరల్లో కూడా 70, 75 దగ్గర ఆగుతున్నది. అక్కడి పద్ధతి వేరు. గరుకు రోలర్ల మధ్య గింజను దొర్లించి ముందు పొట్టు తీస్తారు, ఆ తరువాతనే చీలుస్తారు. మన రాయి రెండూ ఒకేసారి చేయబోయి నష్టపోతున్నది.

మట్టి పద్ధతిలో ఒక లోపం వుంది, దాచకూడదు. నానబెట్టి చేసిన బద్దకు నడుమ చిన్న గుంట పడుతుంది, ఉడకడానికి ఎక్కువసేపు పడుతుంది. కట్టెలు, గ్యాసు ఖర్చు చూసుకునేవారు నూనె పద్ధతి చేయవచ్చు. కందుల్ని ఒకసారి వదులుగా విసిరి పొట్టుకు గీతలు పడనివ్వాలి. కిలోకు సుమారు పది గ్రాముల నూనె రాసి, రాత్రి కుప్పచేసి, రెండు మూడు రోజులు ఎండబెట్టాలి. పప్పు తొందరగా ఉడుకుతుంది. శ్రమ మాత్రం ఎక్కువ.

రాయిని గురించి ఇంకొక్క మాట. ఒకే విడతలో సగం గింజలు పగలకుండా, సగం పిండిగా వస్తే కక్కు మీద అనుమానపడకండి. ఇరుసు మేకు అరిగి పైరాయి ఒరిగిందన్నమాట. కింది రాతికి తడి ఎర్రమట్టి పలుచగా పూసి, పైరాయిని వట్టిగా ఒక చుట్టు తిప్పి ఎత్తి చూడండి. మట్టి ఒకవైపే చెరిగిపోతే రాయి అటు వాలుతున్నది. మేకు మార్పించి, ఎత్తుగా వున్న చోటే కొట్టించాలి. కొత్తగా కక్కు కొట్టిన రాయిలో మొదట తవుడు విసిరి పారబోయాలి. ఆ తవుడు గొడ్లకు కూడా పెట్టవద్దు, అందులో రాతిపొడి వుంటుంది.

ఇదంతా క్వింటాళ్ళకు క్వింటాళ్ళు చేయమని నేను అనను. ఆడవాళ్ళ భుజాల సంగతి నాకు తెలుసు. యింటికి చాలినంత పప్పుకు రాయి సరిపోతుంది. పది యిళ్ళు కలిసి అమ్మకానికి చేయదలిస్తే చిన్న పప్పు మర మేలు. భోపాలులోని కేంద్ర వ్యవసాయ ఇంజనీరింగు సంస్థ, కాన్పూరులోని పప్పుధాన్యాల పరిశోధన సంస్థ అటువంటి మరలను రూపొందించాయి. మీ మండల వ్యవసాయాధికారిని అడిగితే వివరాలు చెబుతారు.

ఏది చేసినా మాఘ, ఫాల్గుణాల్లోనే చేయండి. అప్పటికి కంది ఇల్లు చేరుతుంది, ఎండ గట్టిపడుతుంది. పుచ్చు పురుగు పొలంలో వున్నప్పుడే కాయల మీద గుడ్లు పెట్టి, గింజతోపాటు గాదెలోకి వస్తుంది; గాదెలో నిండు గింజల మీద మళ్ళీ పెడుతుంది. చీల్చిన బద్ద దానికి అంతగా నచ్చదు. కాబట్టి విత్తనానికి కావలసినవి బాగా ఎండబెట్టి వేరుగా దాచి, తినడానికి వుంచుకున్న కందుల్ని ఉగాది లోపల పప్పు చేసి డబ్బాకెత్తండి.