వీణకు రెండు చెవులు

బొబ్బిలి సమీపాన గొల్లపల్లిలో పనస దుంగను తొలిచి చేసే వీణ సంస్థానాల కొలువుకూటాలకు సరిపడిన వాద్యం. పదిమంది రసికులు చేరువగా కూర్చుంటే దాని నాదం నిండుగా వినవచ్చేది. వందలమంది కూర్చునే నేటి మందిరంలో మృదంగం పక్కన అది వినిపించాలంటే విద్యుత్తు సాయం కావాలి. తీగ కదలికను విద్యుత్తుగా మార్చి యాంప్లిఫయరుకు అందించే సాధనమే పికప్. అది వాద్యానికి చెవి వంటిది.

ఈ చెవులు ముఖ్యంగా రెండు రకాలు. మొదటిది అయస్కాంతం. దాని చుట్టూ సన్నని రాగి తీగను వేల చుట్లు చుడతారు. ఎదుట ఉక్కుతీగ కదిలినప్పుడు చుట్టలో విద్యుత్తు పుడుతుంది. ఇది ఫారడే 1831లో కనుగొన్న ధర్మం. రెండవది స్ఫటికం. ఒత్తిడి తగిలితే విద్యుత్తునిచ్చే ఈ గుణాన్ని క్యూరీ సోదరులు 1880లో కనుగొన్నారు. మొదటిది తీగను వింటుంది. రెండవది కొయ్యను వింటుంది.

పికప్‌లను కలిపి వాడే విద్య బేస్ గిటారు మీద బాగా పెరిగింది. లియో ఫెండర్ 1951లో వెలువరించిన ప్రెసిషన్ బేస్‌కు ఒకే పికప్ ఉండేది. 1960 నాటి జాజ్ బేస్‌కు రెండు అమర్చారు. తీగ మధ్యభాగానికి చేరువగా ఉన్న పికప్ మూలస్వరాన్ని నిండుగా పట్టుకుంటుంది; గుర్రానికి దగ్గరగా ఉన్నది అనుస్వరాలను, మీటు పదునును పట్టుకుంటుంది. అందువలననే పలువురు వాదకులు ప్రెసిషన్ పికప్‌కు తోడు గుర్రం వద్ద జాజ్ పికప్‌ను చేర్చుకున్నారు.

వీణ విషయంలో మరొక చిక్కు ఉన్నది. సారణి, పంచమ తంత్రులు ఉక్కువి. మంద్ర, అనుమంద్రాలకు ఇత్తడి లేక కంచు తీగలు కట్టిన వీణలో అయస్కాంతానికి ఆ రెండూ దాదాపు వినిపించవు. ఉక్కుతీగపై మరొక లోహం చుట్టినదైతే కొంత మేలు. పై స్థాయిలో గట్టిగా పలికి మంద్రంలో కుంగిపోయే వీణకు కారణం తరచుగా ఇదే. గుర్రం వద్ద అంటించిన స్ఫటికం ఏ లోహమైనా వింటుంది. కాని కుండ ప్రతిధ్వనిని, చేతి రాపిడిని కూడా వింటుంది. స్పీకరు ఎదుట ఊళ పెట్టే ప్రమాదమూ దీనికే ఎక్కువ. ఒకదాని లోపాన్ని రెండవది పూరించగలదు కాబట్టే రెండింటినీ కలపడం.

అయితే రెండింటి తీగలనూ నేరుగా ముడివేయకూడదు. స్ఫటికానికి మెగోమ్‌కు మించిన నిరోధం గల ప్రీయాంప్లిఫయరు కావాలి. అయస్కాంతపు చుట్టతో జత కలిస్తే దాని మంద్రనాదం హరించుకుపోతుంది. కావున ఒక్కొక్కదానికి వేరుగా ప్రీయాంప్లిఫయరు ఉండి, ఆ తరువాతనే రెండు నాదాలూ కలవాలి. కలిపిన పిదప అనుమంద్రాన్ని మీటి చూడండి. రెండూ కలిసి పలికినప్పుడు నాదం పలచబడితే, ఒకటి ముందుకు నెట్టినదానిని మరొకటి వెనక్కు లాగుతున్నదన్నమాట. అయస్కాంత పికప్ కొసలు రెండింటినీ తారుమారు చేస్తే నాదం నిండుతుంది. ముందుగా స్ఫటికాన్ని వాద్యపు సహజనాదం వినిపించేంత పెంచి, అయస్కాంతాన్ని క్రమంగా చేర్చడం మంచి పద్ధతి.

పికప్ వలన గమకం చెడుతుందని కొందరి శంక. పాలకొల్లులో 1969లో జన్మించి 2014లో కీర్తిశేషులైన ఉప్పలపు శ్రీనివాస్ గారు ఎలక్ట్రిక్ మాండొలిన్ మీద కర్ణాటక సంగీతాన్ని గమకయుక్తంగా పలికించారు. లోపం ఉన్నట్లయితే అది సాధనంలో కాక అమరికలోనే ఉంటుందనడానికి అదే నిదర్శనం.

చివరగా ఒక మనవి. గిటారు పలకకు గాడి తొలిచి, నచ్చకపోతే మరొక పలక వేసుకోవచ్చు. ఏకాండ వీణ సంగతి అది కాదు. కుండ, దండి సమస్తమూ ఒకే మానులో మలచినవి. కుండ పలకకు పెట్టిన రంధ్రం పూడ్చినా మునుపటి నాదం తిరిగి రాకపోవచ్చు. కాబట్టి ఊడదీయడానికి వీలైన బిగింపులనే వాడండి. నెల దినాలు విని, మార్చి మార్చి చూసి, చెవికి తృప్తి కలిగిన తరువాత కూడా ఉలిని వీణ దరికి రానీయకపోవడమే క్షేమం.