సాఫ్ట్‌వేర్ ఉచితమే.. చాకిరీ ఎవరిది?

కోయంబత్తూరు: తాతలది పత్తి సేద్యం. నాన్నలది మోటారు పంపుల కార్ఖానా. పిల్లలది సాఫ్ట్‌వేర్. పీలమేడు వైపు తెలుగిళ్లలో ఈ వరస మామూలే. 2010లో టైడల్ పార్కు వచ్చాక ఊళ్లోనే ఉండి కంపెనీ పెడదామనే కుర్రాళ్లూ బయల్దేరారు. మధురై వాళ్లకు వడపళంజిలో ఐటీ పార్కు ఉంది. అద్దె, జీతాలు, కరెంటు లెక్క అందరికీ తెలిసిందే. జట్టు కలిసి పనిచేసే పరికరాల దగ్గరే తికమక.

ఏమిటా పరికరాలు?

పదిమంది ఒకే ప్రోగ్రాం రాస్తుంటే ఒకరి మార్పు మరొకరి పనిని చెరిపేయకూడదు. ఎవరు, ఎప్పుడు, ఏం మార్చారో పద్దు ఉండాలి. ఆ పద్దు రాసేదే గిట్. లైనస్ టోర్వాల్డ్స్ 2005లో తయారుచేశారు. పైసా ఖర్చు లేదు. ఆ పద్దును భద్రంగా ఉంచే చోటుకే ఖర్చంతా.

అద్దెకా? సొంతమా?

గిట్‌హబ్ 2020 ఏప్రిల్‌లో మామూలు సౌకర్యాలను ఎంత పెద్ద జట్టుకైనా ఉచితం చేసింది. అదనపు సౌకర్యాలుండే టీమ్ పథకం ధరను మనిషికి నెలకు 4 డాలర్లకు తగ్గించింది. ఆ ధరన పదిమందికి ఏడాదికి 480 డాలర్లు. డాలరు 85 రూపాయలు వేసుకున్నా 40,800. పన్ను అదనం.

గిట్‌ల్యాబ్ ఉచిత కూర్పును సొంత సర్వరులో పెట్టుకుంటే లైసెన్సు ఖర్చు సున్నా. మరి బ్యాకప్‌లు, అప్‌డేట్లు ఎవరు చూస్తారు? నెలకు 30 వేల జీతగాడు వారానికి ఒక్క పూట దీనికే కూర్చున్నా ఏడాదికి 30 వేలు అయినట్టే. సర్వరు, యూపీఎస్ వేరే.

సొంతంగా పెట్టుకున్నా కలకాలం నిలుస్తుందనీ లేదు. జీరా అమ్మే అట్లాసియన్ కంపెనీ 2021 ఫిబ్రవరిలో సర్వరు లైసెన్సుల అమ్మకం ఆపేసింది. 2024 ఫిబ్రవరిలో వాటికి మద్దతూ మానేసింది.

ఏం చేయాలి?

మన జి.డి.నాయుడు గారు 1920లో పొల్లాచ్చి-పళని మధ్య ఒక్క బస్సుతో మొదలుపెట్టారు. బస్సు కొంటే చాలదు, షెడ్డూ మెకానిక్కూ ఉండాలి కదా! సర్వరూ అంతే. చూసుకునే మనిషి లేనప్పుడు అద్దె చోటే నయం.

ఎక్కడ పెట్టినా మూడు జాగ్రత్తలు తప్పవు. ఖాతా కంపెనీ పేరునే ఉండాలి. తాళాలు ఇద్దరి దగ్గరుండాలి. లేదంటే ఒక్కడు ఉద్యోగం మానేసిన రోజే ఏళ్ల కష్టం చిక్కుల్లో పడుతుంది. మూడోది, వేరే చోట నకలు. నకలు తీశామంటే సరిపోదు.. ఆర్నెల్లకోసారి తెరిచి చూడాల్సిందే.