విమానయాన సంస్థ దివాలా తీస్తే బాకీల వరసలో ముందెవరు?

విమానయాన సంస్థ దివాలా తీసిందంటే పత్రికలు టికెట్ల డబ్బు గురించి, బ్యాంకుల అప్పుల గురించి రాస్తాయి. విమానాల అద్దె గురించి తక్కువగా రాస్తాయి. కానీ అసలు పేచీ అక్కడే ఉంటుంది. ఆ అద్దె లెక్క తెలిస్తే, విమానం లోపల ఊడ్చి తుడిచే మనిషి జీతం ఎందుకు మునిగిపోతుందో తెలుస్తుంది.

అద్దె ఎలా కోస్తారు?

మన దేశంలో ఎగిరే విమానాల్లో ఎక్కువ భాగం కంపెనీల సొంతం కాదు. లీజు సంస్థలు వాటిని కొని నెలవారీ అద్దెకిస్తాయి. సాధారణంగా విమానం నేల మీద ఉన్నా అద్దె ఆగదు. కష్టాల్లో పడ్డ కంపెనీకి మూడు దారులుంటాయి: అక్కర్లేని విమానాలు వెనక్కివ్వడం, అద్దె తగ్గించమని బేరమాడడం, ఎగిరిన గంటలకే కడతామని ఒప్పించడం. స్కాండినేవియాకు చెందిన ఎస్‌ఏఎస్ 2022 జూలైలో అమెరికా దివాలా చట్టాన్ని ఆశ్రయించింది. 15 లీజు సంస్థలతో మాట్లాడి 59 విమానాల ఒప్పందాలు తిరగరాయించుకుంది. ఏటా కనీసం 100 కోట్ల స్వీడిష్ క్రోనాలు ఆదా అవుతాయని లెక్క చెప్పింది.

గో ఫస్ట్‌లో జరిగింది

ఇక్కడ గో ఫస్ట్ కథ వేరు. ఇంజిన్ల సమస్యను కారణంగా చూపి ఆ సంస్థ 2023 మే 2న దివాలా పిటిషన్ వేసింది. మే 10న ఎన్‌సీఎల్‌టీ మారటోరియం విధించింది. అంటే అద్దె బాకీ ఉన్నా విమానాలను ఎవరూ తీసుకెళ్లకూడదు. లీజు సంస్థలు కోర్టుకెక్కాయి. అక్టోబర్ 3న కేంద్రం విమానాలకు, ఇంజిన్లకు మారటోరియం వర్తించదని నోటిఫికేషన్ ఇచ్చింది. 2024 ఏప్రిల్ 26న ఢిల్లీ హైకోర్టు 54 విమానాల రిజిస్ట్రేషన్ రద్దు చేయమని డీజీసీఏను ఆదేశించింది. 2025 జనవరిలో సంస్థ లిక్విడేషన్‌కు వెళ్లింది. అదే ఏడాది ఏప్రిల్‌లో లీజు సంస్థల హక్కులకు పార్లమెంటు ఏకంగా చట్టమే చేసింది. ఆ బిల్లు తెచ్చింది శ్రీకాకుళం ఎంపీ, విమానయాన మంత్రి కింజరాపు రామ్మోహన్ నాయుడు.

విమానం తిరిగి రాదనుకుంటే లీజు సంస్థలు అద్దె పెంచుతాయి, ఆ భారం చివరికి ప్రయాణికుల మీద పడుతుంది. ఈ వాదనలో నిజముంది. మా ప్రశ్న వేరు. లీజు సంస్థ కోసం ఐదు నెలల్లో నిబంధన మారింది. కార్మికుడి కోసం అంత తొందర ఎప్పుడు చూశాం?

జీతం ఏ వరసలో?

లిక్విడేషన్‌లో కార్మికుల 24 నెలల బకాయిలకు తాకట్టు ఉన్న రుణదాతలతో సమాన స్థానం ఉంది. మిగతా ఉద్యోగులకు 12 నెలల బకాయిలే, అదీ వాళ్ల తర్వాత. పీఎఫ్, గ్రాట్యుటీ నిధులు పంపకంలోకి రావు. కాగితం మీద ఇది మంచి రక్షణే. కానీ విమానాలు వెళ్లిపోయాక అమ్మడానికి పెద్దగా ఏం మిగులుతుంది?

దళిత కార్మికుల ప్రశ్న ఇంకా వెనక నుంచి మొదలవుతుంది. ప్రైవేటు విమానయాన సంస్థల్లో రిజర్వేషన్ లేదు. 2022 జనవరిలో ఎయిర్ ఇండియా టాటాల చేతికి వెళ్లాక అక్కడి కొత్త నియామకాల్లోనూ పోయింది. ఇక మన పిల్లలకు తేలిగ్గా తెరుచుకునే తలుపు కాంట్రాక్టర్‌దే: శుభ్రత, లోడింగ్. కంపెనీ రికార్డుల్లో వాళ్లు ఉద్యోగులు కారు. అందుకే బాకీల వరసలో వాళ్ల పేరే ఉండదు.

ఏం చేయాలి?

దివాలా ప్రక్రియ మొదలైందన్న బహిరంగ ప్రకటన రాగానే ఉద్యోగులు, కార్మికులు ఫారం-డీలో, సంఘం ద్వారా అయితే ఫారం-ఈలో గడువులోగా క్లెయిమ్ వేయాలి. కాంట్రాక్టర్ జీతం ఎగ్గొడితే ప్రధాన యజమాని చెల్లించాలని 1970 కాంట్రాక్ట్ కార్మిక చట్టం చెప్పింది, దాని స్థానంలో వచ్చిన లేబర్ కోడ్ కూడా ఆ బాధ్యతను ఉంచింది. గేట్ పాసు, హాజరు వివరాలు, బ్యాంకు స్టేట్‌మెంట్, పీఎఫ్ నంబరు భద్రంగా దాచుకోవాలి. విద్యార్థి సంఘాలు ఈ క్లెయిములు రాసిపెట్టే పని తలకెత్తుకోవచ్చు. విమానానికి ప్రత్యేక చట్టం చేయగలిగిన పార్లమెంటు, దాన్ని తుడిచిన చేతుల బకాయిని కూడా వరసలోకి తేవాలి. అది మనం అడగాల్సిన చట్టం.